అత్తగారూ నేనూ మా మచ్చలూ

మార్చి 2, ఆదివారం

కొత్త సంవత్సరం రోజున స్టూడియో యజమాని ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ బీరువాలో ఖాళీగా పడి ఉంది. ఇవాళ తీశాను. రాయడానికి పెద్ద విషయమేమీ లేదు. ఏమీ లేదు కాబట్టే ఎవరితోనూ చెప్పలేదు.

బట్టల కొట్లో ట్రయల్ రూము. మూడు వైపులా అద్దాలు. ఈ వయసుకి మొదటిసారి నా వీపు నేను చూసుకున్నాను. ఎవరి వీపు వాళ్ళకి దూరపు చుట్టం లాంటిది. జన్మంతా మోస్తాం, ఒక్కసారీ పలకరించం. చూశాను కదా, కుడివైపు రెక్క ఎముక కింద ముదురు గోధుమరంగు మచ్చ. కోటు గుండీ అంత ఉంటుంది. మచ్చ అనడానికీ లేదు, కాస్త ఎత్తుగా ఉంది. ఎవరో మైనం కరిగించి ఒక చుక్క వేసి, ఆరకముందే వేలితో నొక్కినట్టు.

"చొక్కా సరిపోయిందా లేదా?" అంటూ మా ఆవిడ బయటి నుంచి తలుపు బాదింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే మనిషి. తలుపు తట్టినా హారన్ కొట్టినట్టే ఉంటుంది.

"సరిపోయింది" అన్నాను. సరిపోలేదు. నాలాంటి వాళ్ళు ఇద్దరు దూరొచ్చు అందులో. అదే కొనుక్కుని వచ్చేశాను.

మార్చి 3, సోమవారం

దురద లేదు. నొప్పి లేదు. దురద ఉంటే మంచిదో, లేకపోతే మంచిదో తెలిసి చావదు.

మార్చి 5, బుధవారం

స్టూడియోలో నా పని రీటచింగ్. జనం ముఖాల మీద వాళ్ళకి నచ్చనివన్నీ తీసేయడం. మొటిమలు, మచ్చలు, కళ్ళకింద నలుపు. ఒకప్పుడు పెన్సిలు చెక్కి నెగెటివ్ మీద చేసేవాణ్ణి, ఇప్పుడు కంప్యూటర్ మీద. ఊళ్ళో సగం మంది నా చేతిలో తెల్లబడ్డవాళ్ళే.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, వెనక గదిలో చొక్కా తీసి, ఫోను భుజం మీంచి వెనక్కి పెట్టి ఫోటో తీసుకున్నాను. మొదటి దాంట్లో గోడ వచ్చింది. రెండో దాంట్లో నా చెవి. చెవి ఇంత పెద్దదని కూడా ఇవాళే తెలిసింది. చివరికి ఒకటి కుదిరింది. దాన్ని పెద్ద తెర మీద పెట్టి, ఇంకా పెద్దది చేసి చూస్తుంటే యజమాని వచ్చేశాడు.

"ఇదేంటయ్యా, చంద్రుడా?"

"అవునండీ. స్కూలు వాళ్ళ సైన్సు ప్రదర్శనకి."

"మరీ మురికిగా ఉన్నాడే. కాస్త తెల్లబరచు" అని వెళ్ళిపోయాడు.

చేతికి అలవాటైన పని. మౌస్ పట్టుకుని రెండుసార్లు నొక్కాను. మచ్చ పోయింది. నున్నటి వీపు. ఎంత హాయిగా అనిపించిందో! కుర్చీలో వెనక్కి వాలాను. వాలగానే తగిలింది, గరుగ్గా.

మార్చి 8, శనివారం

ఇవాళ ఒక బస్సు కండక్టరు వచ్చాడు, గుర్తింపు కార్డు ఫోటో కోసం. కనురెప్ప పక్కన చిన్న పులిపిరి వేలాడుతోంది. అలవాటు కొద్దీ తీసేయబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"అది తీయకండి సార్. అది లేకపోతే కార్డు చూసి వీడెవడో అంటారు. మా ఆఫీసరు నన్ను గుర్తుపట్టేదే దాంతో."

"భయం లేదా?" అని అడిగేశాను.

"దేనికి సార్ భయం? మా నాన్నకి మెడ చుట్టూ ఉండేవి. పుట్టుకతో రాని దండ అనేవాడు."

అదృష్టవంతుడు. ఇంతకాలం వీటన్నిటినీ తుడవడమే తప్ప, ఏది ఏమిటని ఒక్కరోజూ అడిగిన పాపాన పోలేదు నేను. ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు, వేలాడేవి, అంటుకున్నవి. అన్నిటికీ ఒకటే మందు, రెండు నొక్కులు.

మార్చి 9, ఆదివారం

"స్నానాల గదికి గొళ్ళెం ఎప్పట్నుంచి వేస్తున్నారు?" అని అడిగింది మా ఆవిడ.

"గాలికి తెరుచుకుంటోంది."

"పడుకునేటప్పుడు బనియను కూడా గాలికేనా?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నేను తడుముకున్నది భుజమే. ఖర్మ.

"ఏవండీ, సిగ్నల్ ఇవ్వకుండా మలుపు తిరిగితే వెనకున్న వాళ్ళు గుద్దేస్తారు. చెప్పి తిరగండి, ఏ మలుపైనా" అని స్కూలుకి వెళ్ళిపోయింది. ఏ మలుపు అనుకుంటోందో! ఈ వయసులో నా మీద అంత నమ్మకం ఉన్నందుకు సంతోషించాలి.

చెప్పొచ్చు. చెప్తే ఆ నిమిషంలోనే కారెక్కించి ఆసుపత్రి ముందు ఆపుతుంది. ఆపితే లోపలికి వెళ్ళాలి. వెళ్తే వాళ్ళేదో చెప్తారు.

చిన్నాన్న సంగతి ఇక్కడ రాయదల్చుకోలేదు.

మార్చి 12, బుధవారం

ఇంటర్నెట్‌లో చదివాను. చదవకుండా ఉండాల్సింది.

మంచి పుట్టుమచ్చని మధ్యకి మడిస్తే రెండు సగాలూ ఒకలా ఉండాలట. నాది ఉండదు. అంచు గుండ్రంగా, తీరుగా ఉండాలట. నాది కొరికిన బిస్కెట్టులా ఉంది. రంగు ఒకటే ఉండాలట. నాకు రెండున్నాయి. పెన్సిలు వెనక ఉండే రబ్బరు కంటే పెద్దది కాకూడదట. పెద్దదే. బళ్ళో ఏ పరీక్షలోనూ నాకిన్ని మార్కులు రాలేదు.

చిన్నాన్న కూడా ఇలాగే... వద్దు.

మార్చి 15, శనివారం

అద్భుతం జరిగింది.

మా అత్తగారు పొద్దున వరండాలో ఎండకి వీపు పెట్టుకుని కూర్చుని తల దువ్వుకుంటున్నారు. జుట్టంతా ముందుకి వేసుకున్నారు, శాలువా జారింది. నేను పేపరు కోసం వెళ్తూ చూశాను. మెడ వెనక, భుజాల మీద నా మచ్చలు! అచ్చం నావే. మైనం చుక్కలు. ఒకటా రెండా, ఆకాశంలో నక్షత్రాల్లా ఉన్నాయి. లేత గోధుమరంగువి, ముదురువి, దాదాపు నల్లటివి. డెబ్భై దాటిన మనిషి, ఇవన్నీ వీపున వేసుకుని, మనందరికంటే ముందు లేచి నిక్షేపంలా తల దువ్వుకుంటోంది!

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. అత్త మచ్చ అల్లుడికి రావడం ఎక్కడా వినలేదు. అయినా ఎంత ధైర్యం వచ్చిందో. పేపరు తలకిందులుగా పట్టుకుని చదివాను.

కానీ దగ్గర్నుంచి చూడాలి. ముట్టుకుంటే గరుగ్గా ఉంటాయో లేదో తెలియాలి. ఎలా అడగడం? పెళ్ళయిన నాటినుంచి ఆవిడా నేనూ మాట్లాడుకున్నవన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. "భోంచేశారా బాబూ", "చేశానండీ". అంతే. ఆవిడ ఎదురైతే నేను నేల చూస్తాను, ఆవిడ గోడ చూస్తారు. మర్యాద.

అన్నట్టు ఆవిడ కళ్ళజోడు మళ్ళీ మార్పించాలట. ముక్కు దగ్గర ఒరుసుకుంటోందట. మా ఆవిడ చెప్పింది. ఈ సంవత్సరం ఇది ఎన్నోదో.

మార్చి 16, ఆదివారం

పట్టుబడ్డాను.

మా ఆవిడ ఆదివారం కూడా స్కూలుకి వెళ్ళింది, సెలవురోజు నేర్చుకునేవాళ్ళే ఎక్కువ. అత్తగారు వరండాలో మొక్కలకి నీళ్ళు పోస్తుంటే నేను వెనక నిలబడి మెడ సాచి చూస్తున్నాను. ఆవిడ వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"ఏం బాబూ, నా మెడ మీద పురుగేమైనా పాకుతోందా?"

"అబ్బే, లేదండీ."

"మరి నిన్నట్నుంచి నా వెనకే తిరుగుతున్నారు. నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పనిచేసిన దాన్ని. అవతలివాళ్ళు ఊపిరి పీల్చుకునే తీరుని బట్టి చెప్పగలను, శుభవార్తా చావు కబురా అని. మీరు నాలుగు రోజుల్నుంచి చావు కబురు ఊపిరి పీలుస్తున్నారు."

చెప్పేశాను. ఎలా చెప్పానో గుర్తులేదు. నేల చూస్తూ చెప్పాను.

"చూపించండి."

"అత్తయ్యా!"

"అత్తయ్యా లేదు, గిత్తయ్యా లేదు. మీ వీపు చూస్తే నా కళ్ళేం పోవు. ఎత్తండి చొక్కా."

ఎత్తాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు, తీసేశారు, టార్చిలైటు తెమ్మన్నారు. పగటిపూట నా వీపు మీద టార్చిలైటు. గోటితో మెల్లగా గీకారు.

"గరుగ్గా ఉంది. పైన అంటించినట్టుంది. నావీ ఇంతే. మా అమ్మకీ ఉండేవి, ఆవిడ తొంభై ఏళ్ళు బతికింది, పోయింది కూడా జారిపడి."

"అయితే ఏం కాదంటారా?"

"నేనెవర్ని అనడానికి? మెడ మీది పులిపిరికి దారం కట్టి నేనే రాల్చుకున్నాను, అంతవరకే నా వైద్యం. ఒకసారి చర్మాల డాక్టరుకి చూపిద్దాం. నేనూ వస్తాను."

"మీకెందుకండీ శ్రమ..."

"మీకోసమే. ఒంటరిగా వెళ్తే మీరు వీధి చివరి నుంచే వెనక్కి వచ్చేస్తారు. అమ్మాయికి మాత్రం చెప్పకండి."

ఎంత మంచి మనిషి! ఇన్నేళ్ళుగా నేల చూస్తూ గడిపేశాను.

మార్చి 18, మంగళవారం

డాక్టరు గురువారానికి రమ్మన్నారు. మా ఆవిడకి కళ్ళజోళ్ళ షాపుకి వెళ్తున్నామని చెప్పాం.

"ఇద్దరూనా? కలిసా?" అంది. "మన పెళ్ళి ఫోటోలో కూడా మీ ఇద్దరి మధ్యా నలుగురున్నారు."

మార్చి 20, గురువారం

పూర్తిగా రాయాలి. రాస్తేనే తెలుస్తుంది ఏమైందో.

డాక్టరు మా అమ్మాయి ఈడు మనిషి, మాకు అమ్మాయే ఉంటే. గది చిన్నది. కిటికీ దగ్గర పడక, గోడకి చర్మం పొరల బొమ్మ. లోపలికి వెళ్ళగానే నేను మొదలుపెట్టాను, రెండు సగాలు, అంచు, రంగులు, కొరికిన బిస్కెట్టు. ఆవిడ వింటూనే చేతులు కడుక్కుంది.

"చదువుకుని వచ్చారన్నమాట. చొక్కా తీయండి."

దీపం ఉన్న చిన్న భూతద్దం వీపుకి ఆనించింది. చల్లగా తగిలింది. నాకు చిన్నాన్న గుర్తొచ్చాడు. అరికాల్లో నల్లమచ్చ. చెప్పు కరిచిందన్నాడు. చెప్పులు మార్చాడు. ఏం కాదురా అన్నాడు, ఏం కాదురా అంటూనే ఉన్నాడు. నాకప్పుడు పెళ్ళి కూడా కాలేదు. చివరి రోజుల్లో ఆయన పక్కన కూర్చున్నది నేనే.

నోటికి అడ్డం లేకుండా ఇదంతా డాక్టరుకి చెప్పేశాను. ఆవిడ భూతద్దం తీసి నా ముందుకొచ్చి నిలబడింది.

"అందుకా ఇంత భయం. మీరు రావడం మంచిదే అయింది. వినండి, మీ చిన్నాన్నగారిది వేరు, ఇది వేరు. ఇది చర్మం పైపొర ముదిరి ఒకచోట పేరుకోవడం. వయసుతో వస్తుంది, కొన్ని వంశాల్లో తరతరాలుగా వస్తుంది. మైనం అంటించినట్టు పైపైన ఉంటుంది. క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా."

"రెండు రంగులున్నాయండీ."

"ఉండనివ్వండి. అంచు, రంగు లెక్కలన్నీ అసలైన పుట్టుమచ్చలకి. మీరు చదివింది తప్పు కాదు, చదివిన పేజీ వేరు. చూసి తేల్చడం మా పని."

ఇక ఆవిడే నా ఒళ్ళంతా ఒక చుట్టు తిరిగింది. పొట్ట మీది ఎర్ర చుక్కలు నెత్తుటి గింజల్లా ఉంటే ఇన్నాళ్ళూ చెమటకాయలనుకున్నాను. చిన్న రక్తనాళాలు ముడిపడ్డవట, అవీ వయసుతో వచ్చేవేనట. మోచేతి పైన గడ్డని వేలితో తోస్తే చర్మం కింద జారింది. "కొవ్వు గడ్డ. మెత్తగా ఉంది, నొప్పి లేదు, పెరగడం లేదు. దాని దారిన దాన్ని ఉండనివ్వండి." చంకలో తొడిమతో వేలాడే మెత్తటిది పులిపిరి. బట్ట ఒరిసే చోట, చర్మం మడతపడే చోట వస్తుందట. "దారాలు కట్టకండి" అంది. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూశారు. "చీము పడుతుంది. పైగా ప్రతి వేలాడేదీ పులిపిరే కావాలని లేదు."

"అయితే దేనికి భయపడాలండీ?"

"భయపడొద్దు, చూపించండి. కొత్తగా వచ్చి మిగతావాటితో పోలకుండా ఉన్నది. రూపం మారుతున్నది. కారణం లేకుండా రక్తం వచ్చేది. మానకుండా ఉండేది."

నేను అప్పటికే చొక్కా వేసేసుకుంటున్నాను. గుండీలు తప్పు పెట్టుకున్నాను. ఈల వేయాలనిపించింది. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు, ఎంత బాగుందో.

అప్పుడు అత్తయ్య చాలా మామూలుగా అన్నారు. "ఎలాగూ వచ్చాం కదా డాక్టరుగారూ, ఈ కళ్ళజోడు ఒరిసిన చోట ఒక్కసారి చూస్తారా? పెద్దదేం కాదు."

కళ్ళజోడు తీశారు. ముక్కు పక్కన, కంటి మూలకి కాస్త కింద, చిన్న పుండు. డాక్టరు భూతద్దం పెట్టింది. తీయలేదు. నా వీపు మీద ఉంచినంతసేపు కాదు, చాలాసేపు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"మొన్నీమధ్యే."

"అమ్మా."

అత్తయ్య చేతిలో కళ్ళజోడు మడతపెట్టారు, విప్పారు. "పోయిన వానాకాలం నుంచి. పక్కు కడుతుంది, మానిందనుకుంటాను. మొహం తుడుచుకుంటే మళ్ళీ నెత్తురు."

"కళ్ళజోళ్ళు మార్చారా?"

"మూడు."

డాక్టరు నన్ను పిలిచి దీపం వేసి చూపించింది. పుండు చుట్టూ అంచు ముత్యంలా మెరుస్తోంది, దాని మీద సన్నటి ఎర్రటి గీతలు. ఇలాంటిది కళ్ళముందు పెట్టుకుని నేను కనిపెట్టలేదు. రోజంతా ముఖాలు చూసే మనిషిని, ఇంట్లో మనిషి ముఖం ఇవాళ మొదటిసారి చూశాను. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది డాక్టరు. అక్కడే మత్తు ఇచ్చి తీసేసింది. అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. నేనే ఇచ్చానో, ఆవిడే పట్టుకున్నారో.

తిరిగొస్తుంటే బస్సులో అన్నారు. "మీకోసం వచ్చాననుకున్నారా బాబూ? ఒక్కదాన్నే వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. ఆ వీధి దాకా రెండుసార్లు వెళ్ళి వచ్చేశాను. మీ మచ్చ దొరికింది. దాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళాను."

"అమ్మాయికి చెబుదామండీ."

"ఫలితం రానివ్వండి. పక్కన కొత్తవాళ్ళని కూర్చోబెట్టుకుని రోడ్డు మీద తిరిగే పిల్ల. మనసు చెదిరితే ఎలా?"

సరే అన్నాను.

మార్చి 21, శుక్రవారం

నాది ఏమీ కాదు. డాక్టరే చెప్పింది. ఏమీ కాదు. సంతోషించాలి.

మార్చి 22, శనివారం

"కళ్ళజోళ్ళ షాపువాడు కుట్టు కూడా వేస్తున్నాడా?" మా ఆవిడ, వాళ్ళమ్మ ముక్కు మీది ప్లాస్టరు చూసి.

"కొత్త ఫ్రేము గీసుకుంది" అన్నారు అత్తయ్య.

"గట్టి ఫ్రేము" అన్నాను నేను.

మా ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అబద్ధం చెప్పడంలో మా ఇద్దరిదీ ఇంకా లెర్నర్ లైసెన్సే.

మార్చి 25, మంగళవారం

పని సాగడం లేదు. ఎవరి ముఖం తెర మీదికొచ్చినా ముక్కు పక్కనే చూస్తున్నాను. ఇవాళ ఒకావిడ ఫోటోలో ఏదీ తుడవకుండా ఇచ్చేశాను. "ఇదేంటి, నేను నాలాగే ఉన్నాను" అని గొడవపెట్టింది.

సాయంత్రం వరండాలో అత్తయ్యా నేనూ టీ తాగాం. ఇప్పుడు రోజూ తాగుతున్నాం. ఆవిడ ఎడమ కనుబొమ్మ కుడిదాని కంటే కొంచెం పైకి ఉంటుంది, అందుకే ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టుంటారు.

"ఎక్స్‌చేంజిలో ఎంతమందికి చెప్పానో బాబూ, లైన్లో ఉండండి, లైన్లో ఉండండి అని. ఆ ఉండడం ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు" అన్నారు.

మార్చి 28, శుక్రవారం

ఫోనొచ్చింది. క్యాన్సరే.

డాక్టరు ఆ మాట వెనకే చాలా చెప్పింది, నేను స్టూడియో మెట్ల మీద కూర్చుని విన్నాను. ఇది ఉన్నచోటే మెల్లగా పెరిగే రకమట. వేరే చోటికి పాకడం చాలా అరుదట. వదిలేస్తే ముక్కునీ కంటినీ తినేస్తుంది, కోసి తీసేస్తే చాలామందికి అంతటితో సరి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకుండా వచ్చారంది. మరీ గోరు కాదు, చిన్న కత్తి.

ఇంటికి పరుగెత్తాను. అత్తయ్య నా ఊపిరి విన్నారు. "తెలిసింది. పదండి, అమ్మాయి దగ్గరికి" అన్నారు.

డ్రైవింగ్ స్కూలు ముందు మా ఆవిడ బండిలో కూర్చుని ఉంది, తర్వాతి క్లాసు కోసం. మేమిద్దరం వెనక సీట్లో ఎక్కాం, టాక్సీ ఎక్కినట్టు. అత్తయ్య చెప్పారు. కళ్ళజోళ్ళ దగ్గర్నుంచి ఫోను దాకా, ఒక్కటి వదలకుండా. మా ఆవిడ వెనక్కి తిరగలేదు. అద్దంలో ఆవిడ కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"నాకెందుకు చెప్పలేదు?" అంది చివరికి. "నేను పరాయిదాన్నా?"

"నువ్వు బండి నడుపుతుంటావు కదమ్మా, కంగారుపడతావని..."

"బండి నడిపేవాళ్ళకే ముందు చెప్పాలమ్మా! ముందు గొయ్యి ఉందని వెనక కూర్చున్నవాళ్ళు తెలిసీ చెప్పకపోతే ఎలా? మీరైనా చెప్పొద్దా? ఇద్దరూ కూడబలుక్కుని నన్ను... నన్ను..."

తల స్టీరింగు మీద ఆనించి ఏడ్చింది. నుదురు హారన్ మీద పడింది. హారన్ ఆగకుండా మోగుతోంది, రోడ్డు మీద వాళ్ళంతా మా వైపు చూస్తున్నారు, మా ఆవిడ ఏడుస్తూనే ఉంది, హారన్ మోగుతూనే ఉంది. అత్తయ్య ముందుకి వంగి, కూతురి నుదుటి కింద మెల్లగా అరచెయ్యి పెట్టారు. హారన్ ఆగింది.

ఏప్రిల్ 3, గురువారం

లోపల అత్తయ్యకి ఆపరేషన్. ఒళ్ళంతా మత్తు అక్కర్లేదట, ముక్కు వరకే. బయట బల్ల మీద మా ఆవిడా నేనూ. లోపల్నుంచి అత్తయ్య గొంతు వినిపిస్తూనే ఉంది, డాక్టరుకి పాతరోజుల్లో దూరపు ఫోన్లు ఎలా కలిపేవారో చెప్తున్నారు. "మాట్లాడకండమ్మా, ముక్కు కదులుతోంది" అని రెండుసార్లు బతిమాలింది డాక్టరు.

మా ఆవిడకి కూర్చోవడం కుదరడం లేదు. లేని బ్రేకుల్ని కాళ్ళు తొక్కుతున్నాయి. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"ఏదీ, మీది చూపించండి."

"ఇక్కడా?"

"ఎవరూ లేరు. ఎత్తండి."

వెనక్కి తిరిగి చొక్కా ఎత్తాను. వేలితో తడిమింది.

"ఇదా?"

"అదే."

"దీనికోసమా నెల్రోజులు బనియను విప్పలేదు? ఇది నేను రెండేళ్ళ క్రితమే చూశానండీ. అమ్మకున్నవే ఈయనకీ వచ్చాయి, ముసలివాడవుతున్నాడు పాపం, చెప్తే బాధపడతాడని ఊరుకున్నాను."

చొక్కా దించాను. మా ఆవిడ మొదట నవ్వు ఆపుకుంది, తర్వాత ఆపుకోలేదు. నేనూ నవ్వాను. అంతలోనే నా భుజం మీద తల పెట్టి, "అమ్మ ముక్కు మాత్రం చూడలేదు చూడండి" అంది. రోజూ ఎదురుగా కూర్చుని భోంచేస్తాం. నేను చూడలేదు, తను చూడలేదు.

అత్తయ్య పెద్ద కట్టుతో బయటికొచ్చారు. "అయిపోయింది. ఆ డాక్టరమ్మకి సగం కథే చెప్పాను, కుట్లు విప్పేటప్పుడు మిగతాది చెప్తానన్నాను."

ఏప్రిల్ 5, శనివారం

వాపు. కన్ను సగం మూసుకుపోయింది. అత్తయ్య అద్దం అడిగారు, ఇవ్వలేదు. అడిగి అడిగి చెంచా వెనక చూసుకున్నారు. "బాక్సింగులో ఓడినట్టున్నాను" అన్నారు. మధ్యాహ్నం గోడ వైపు తిరిగి పడుకున్నారు, టీకి కూడా లేవలేదు. నేను రెండు కప్పులూ వరండాలో పెట్టుకుని కూర్చున్నాను. చల్లారిపోయాయి.

ఏప్రిల్ 6, ఆదివారం

ఇవాళ లేచారు. టీలో చక్కెర తక్కువైందన్నారు. హమ్మయ్య.

ఏప్రిల్ 10, గురువారం

కుట్లు విప్పారు. పరీక్ష కాగితం కూడా వచ్చింది. తీసిన ముక్క చుట్టూ అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయట, లోపల ఏదీ మిగల్లేదట. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఎండలోకి వెళ్తే క్రీము రాసుకోవాలి, పెద్ద అంచున్న టోపీ పెట్టుకోవాలి. మళ్ళీ పొద్దున్నే వరండాలో ఎండకి కూర్చోవడం కుదరదు.

"టోపీ ఎంత పెద్దది?" అని అడిగారు అత్తయ్య.

"ఎంత పెద్దదైతే అంత మంచిది" అంది డాక్టరు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. దార్లో అత్తయ్య కొన్న టోపీ కింద ముగ్గురం నిలబడొచ్చు.

ముక్కు పక్కన గీత మిగిలింది, ఎర్రగా, వంకరగా. కొన్నాళ్ళకి తేలిపోతుందట.

ఏప్రిల్ 13, ఆదివారం

పొద్దున టీ తాగుతూ అత్తయ్య కప్పు కింద పెట్టి కూతుర్ని అడిగారు. "నీ బండి నేను నడపకూడదా?"

"నువ్వా?"

"ఊరంతటికీ నేర్పుతావు. నన్నెప్పుడైనా అడిగావా?"

"నీకెప్పుడూ ఇష్టం లేదనుకున్నానమ్మా."

"ఇష్టం ఉంది. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన నడిపారు. తర్వాత నువ్వు. నా వంతు వస్తుందని చూస్తూ కూర్చున్నాను. ఇక కూర్చోను."

ఊరి చివర ఖాళీ మైదానానికి వెళ్ళాం. రోడ్డు మీదికి కాదని మా ఆవిడ ముందే ఒట్టు వేయించుకుంది. డ్రైవరు సీట్లో అత్తయ్య, దిండు వేసుకుని. పక్కన మా ఆవిడ. ఆ బండికి నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. వెనక నేను, తలుపు పిడి పట్టుకుని.

"అమ్మా, ముందు ఆ టోపీ తీయి. నాకు దారి కనిపించడం లేదు."

"డాక్టరు తీయొద్దంది. నాకు కనిపిస్తోంది, చాలు."

బండి స్టార్టయింది. ఒక్క కుదుపు, ఆగిపోయింది. మళ్ళీ స్టార్టయింది, గెంతింది, ఆగిపోయింది. నా తల ముందు సీటుకి తగిలింది. టోపీ అంచు ఇటు తిరిగింది, అటు తిరిగింది. అత్తయ్య స్టీరింగు వదిలేసి కూతురి కాళ్ళ వైపు చూశారు.

"ప్రతిసారీ నువ్వే ఆపేస్తున్నావు. కాలు తీయి దాని మీంచి."

"లేదమ్మా, ఊరికే ఆనించానంతే."

"ఆనించడం కూడా వద్దు."

మా ఆవిడ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను తలూపాను. తను రెండు కాళ్ళూ మడిచి సీటు మీద పెట్టుకుని, చేతులతో మోకాళ్ళు కౌగిలించుకుంది.

బండి కదిలింది. ఆగలేదు.